యుగంధర్ మనకున్నాడు, మిస్ మార్పుల్ ఏది?

మా అమ్మ తరంలో ఆడవాళ్ళు యద్దనపూడి నవల చదువుతుంటే ఇంట్లో పెద్దవాళ్ళు "పోనీలే" అనేవారు. అదే కొమ్మూరి పుస్తకం చేతిలో కనబడితే "ఆ ఖూనీలూ హత్యలూ నీకెందుకే" అని గొడవ. బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివినవాళ్ళు మా దుర్గిలో ఎంతమందో! మాచర్లలో అద్దెకు తెచ్చిన పుస్తకం నాలుగిళ్ళు తిరిగి, చివరి పేజీ ఊడిపోయి తిరిగొచ్చేది. హంతకుడు ఉండేది ఆ పేజీలోనే కదా మరి.

ఈ సరుకు మనకు మొదట బెంగాలీ మీదుగా వచ్చింది. పోయిన శతాబ్దం మొదట్లో పాంచ్‌కడీ దే అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి అనువాదమయ్యాయి. వాటికి వెనక ఉన్నది ఇంగ్లీషువాళ్ళే. కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను 1887లో పరిచయం చేశాడు. హోమ్స్‌కు వాట్సన్ ఉన్నట్టు, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌కు రాజు ఉన్నాడు. ఆ కొమ్మూరి, చలంగారి సోదరుడి కొడుకని తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యమేసింది. కవి ఆరుద్ర కూడా "పలకల వెండిగ్లాసు" అని డిటెక్టివ్ నవల రాశారు. అంటే ఇది పెద్దవాళ్ళు చిన్నచూపు చూడాల్సిన రాతేమీ కాదు.

అగాథా క్రిస్టీ సంగతి వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆవిడ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. ఏ మందు ఎంత మోతాదులో విషమవుతుందో అక్కడే నేర్చుకుంది. 1920లో వచ్చిన మొదటి నవలలోనే విషం ఉంది. 1930లో మిస్ మార్పుల్‌తో మొదటి నవల రాసింది. పల్లెలో ఉండే పెళ్ళికాని ముసలావిడ. ఊలు అల్లుకుంటూ, ఫలానావాడు మా ఊరి ఫలానావాడిలా ఉన్నాడే అనుకుంటూ నేరస్థుణ్ణి పట్టేస్తుంది.

ఇలాంటివాళ్ళు మా ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఉండేవారు. ఏ శిల్పి ఇంట్లో ఉలి చప్పుడు ఆగిందో, ఎవరి పొయ్యి పొద్దెక్కినా వెలగలేదో వాళ్ళకే ముందు తెలిసేది. మగవాడు చేస్తే దాన్ని పరిశోధన అన్నాం, ఆడది చేస్తే ఆరాలు అన్నాం. అరవైలు, డెబ్బైలలో వారపత్రికలను ఏలింది రచయిత్రులే. కొందరు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు! అయినా నేను చదివిన డిటెక్టివ్ పుస్తకాల్లో కేసు తేల్చేది ఎప్పుడూ మగవాడే. 1986లో జంధ్యాల "చంటబ్బాయ్" తీస్తే నవ్వించే డిటెక్టివ్ కూడా పాండురంగారావే అయ్యాడు.

అరుగు మీద కూర్చునే కేసు తేల్చిన మామ్మ ఉన్న తెలుగు నవల మీలో ఎవరైనా చదివుంటే పేరు చెప్పండి. చివరి పేజీ లేకపోయినా ఫరవాలేదు.