గిండ్ల తెలుగు వస్తదా?

సూరతులో బయలుదేరి భరూచి పోవు లోకలు బండి తాపీనది వంతెన దాటి, ఉత్రాన్, సాయణ్ మున్నగు చిన్న స్టేషనుల నొక్కొక్కదానిని పలుకరించుచు కిమ్ చేరును. నర్మదకును తాపీకిని నడుమ ప్రవహించి పశ్చిమసముద్రమున గలియు నొక చిన్న యేటి పేరే యీ యూరికిని పేరు. నాలుగు సంస్కృతపు ముక్కలు నోటికి వచ్చిన తెలుగువాడెవ్వడును ఆ స్టేషను పలకను జూచి నవ్వుకొనక మానడు, వచ్చినవానినెల్ల ఆపి "ఏమి?" యని యడుగు ఊరు మఱి యెచట నున్నది? దారియు సామాన్యమైనది కాదు. 1855లో నేర్పడిన బొంబాయి, బరోడా, మధ్యభారత రైల్వే కంపెనీవారు 1860లో మొట్టమొదట తెఱచిన అంకలేశ్వరము–ఉత్రాన్ మార్గము, సుమారు 29 మైళ్లది, ఈ కిమ్ మీదుగనే పోవుచున్నది. నేడు విజయవాడ, వరంగల్లుల మీదుగా అహమ్మదాబాదు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సును ఆ పట్టాలమీదనే పరుగిడును గాని, కిమ్‌లో ఆగదు.

ఆ లోకలు బండిలో నొకనాడు కిటికీ ప్రక్క గూర్చుండి, మా మేనల్లుడు అమెరికానుండి తెచ్చియిచ్చిన స్టీమ్ డెక్ అను వీడియో ఆటల యంత్రమును ఒడిలో నిడుకొని, దానికొక మడత కీబోర్డు జతచేసి, నేను వ్యాసము వ్రాసికొనుచుంటిని. ఎదుట నొక యువకుడు. మగ్గములను వెంబడించి తెలంగాణమునుండి సూరతు చేరిన పద్మశాలి కుటుంబములలో నొకదానివాడు. కిమ్ దాపుననున్న పిపోదరాలో మరమగ్గములమీద పని. అంతకుమున్ను నేను ఫోనులో తెలుగున మాటాడుట విన్నవాడగుటచే చనువుగా, "ఏం గేమ్ ఆడుతున్నరు సార్?" అనెను. ఆట కాదు, వ్రాత యంటిని. అతడు యంత్రమును ఎగాదిగా చూచి, "గిండ్ల తెలుగు వస్తదా?" అనెను.

ఆ ప్రశ్న యీనాటిది కాదు. దారిలో వ్రాసికొనదలచిన తెలుగువాడు తన చేతికి వచ్చిన ప్రతి క్రొత్త పరికరమును ఆ ప్రశ్నయే యడుగుచు వచ్చినాడు. ఆ పరికరములలో ననేకము "రాదు" అనియే బదులు చెప్పినవి.

అడుగవలసిన పనియే లేకుండినది మొదట తాటాకు కాలమున. ఎడమచేత ఆకు, కుడిచేత గంటము. బల్ల యక్కఱలేదు, సిరాబుడ్డి యొలుకునను భయము లేదు. గీచినంత గీచి, ఇల్లు చేరిన పిమ్మట మసియో పసరో పూసి తుడిచినచో అక్షరములు నల్లగా తేలును. నడచుచు వ్రాయువారును, బండిలో వ్రాయువారును, అరుగుమీద వ్రాయువారును ఒకే సాధనముతో సరిపుచ్చుకొనిరి. అడ్డగీతలు నిడుపుగా గీచినచో ఆకు ఈనె వెంబడి చీలునుగాన, మన యక్షరములు గుండ్రబడినవని పెద్దలు చెప్పుదురు. ఆ మాట యెంతవరకు సత్యమైనను, వ్రాతసాధనమును లిపియు ఒకదానికొకటి యొదిగిపోయిన కాలము మనకు మఱల రాలేదు.

తరువాత కలము, సిరా. 1879లో పోస్టుకార్డు వచ్చుటతో పరదేశమున బ్రతుకుతెరువు వెదకికొన్నవాడు రైలుపెట్టెలో మోకాలిపైననే క్షేమసమాచారము గిలికి, దిగిన స్టేషనులో డబ్బాలో వేయగలిగినాడు. 1932లో రాజమహేంద్రవరమున పుట్టిన రత్నము పెన్ను సిరాను తన కడుపుననే దాచికొనిన స్వదేశి కలము; కలమునకు లిపిభేదము లేదు, తెలుగైనను గుజరాతీయైనను ఒకే పాళి. చిక్కెల్ల మీటల యంత్రముతో వచ్చినది. ఇంగ్లీషువాని ఇరువదియాఱక్షరములకై పుట్టిన టైపురైటరు గుణింతములను, వత్తులను, కొమ్ములను నలుబదికి పైబడిన మీటలలో కుక్కవలసి వచ్చినపుడు పడిన పాట్లు ఇంతింత కాదు. అది కచ్చేరీలలో, కోర్టుల ముంగిళ్లలో పాతుకొనిపోయెను, ఒడిలోనికి రాలేదు.

ఒడిలోనికి వచ్చినది 1983లో అమెరికాలో వెలువడిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100. ఎనిమిది వరుసల తెర, నాలుగు చిన్న బ్యాటరీలు, సుమారు 1.4 కిలోల బరువు. పత్రికావిలేఖరులు దానిని ప్రాణముతో సమానముగ చూచికొనిరి. వ్రాసినదానిని టెలిఫోను తీగమీద కార్యాలయమునకు పంపుటకు వీలున్నందున విమానాశ్రయములలో, హోటళ్లలో దానిపై వ్రాసిరి. తెలుగు దానికి తెలియదు.

ఆటల యంత్రములు దీనికి జ్ఞాతులే. నింటెండో సంస్థ 1889లో జపానులోని క్యోటో నగరమున చేతితో జేసిన ఆటముక్కలను అమ్ముకొనుచు పుట్టినది. సూరతు నేతపనివాడు జాకార్డు మగ్గమునకు అంచుబొమ్మ నేర్పుట చిల్లుల అట్టలతో గదా. అట్టముక్కలతో బ్రతికిన యీ యిద్దఱిలో నొకరు పట్టునకును, ఒకరు ఆటకును దారిపట్టిరని నాకొక వేడుక. ఆ సంస్థవారు 1989లో నాలుగు బ్యాటరీలతోనే నడచు గేమ్ బాయ్‌ను విడుదల చేసిరి. 1992లో వేఱు సంస్థలవారు దానికొక కీబోర్డు తగిలించి, చిరునామాలు, పంచాంగము, లెక్కలు చేసికొనుటకు వర్క్‌బాయ్ అను పరికరమును అమెరికాలో ప్రదర్శనమున చూపిరి. అది అంగడికి రానేలేదు. వచ్చియున్నను మన కేమి లాభము? ‘స్త్రీ’ యను ఒక్క యక్షరమును తీసికొందము: నేటి యూనికోడు పద్ధతిలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆఱు సంకేతముల సమాహారము, యూటీఎఫ్-8 అమరికలో నొక్కొక్కటికి మూడేసి చొప్పున 18 బైట్లు. గేమ్ బాయ్ పనిచేయు జ్ఞాపకము 8 కిలోబైట్లు. అందు వేఱేమియు లేకుండ నింపినను 455 మంది స్త్రీలకే చోటు!

2004 చివర వచ్చిన నింటెండో డీఎస్‌లో జ్ఞాపకము 4 మెగాబైట్లు. ఉత్సాహవంతులు కొందఱు దానికి సొంతముగ డీఎస్ ఆర్గనైజ్ అను కార్యక్రమమును వ్రాసి, అందులో టిప్పణములు వ్రాసికొనుటకు ఏర్పాటు చేసిరి. ఇంగ్లీషులో. దాని తెరలలో నొక్కొక్కదాని యెత్తు 192 చుక్కలు మాత్రమే. పైన తలకట్టు, క్రింద వత్తు, మఱియొక వత్తు దిగువకు జాఱు మన వరుసకు 24 చుక్కలైన కావలెను గనుక, తెలుగు నేర్పియున్నను ఎనిమిది వరుసలకు మించి కనబడవు. మరల మోడల్ 100 నాటి యెనిమిదే.

ఆ లోపల తెలుగు తన దారిన తాను కదలుచున్నది. 1990 దశకపు తొలినాళ్లలో హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న తెలుగువారు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు ఆర్టీయెస్ అను సంకేతమును కల్పించిరి. 1991లో భారతప్రమాణసంస్థ భారతీయలిపుల సంకేతప్రమాణమైన ఇస్కీని ఆమోదించినది. అదే సంవత్సరమున యూనికోడు తొలిప్రతిలో తెలుగునకు 128 స్థానములు దక్కినవి. స్థానము దక్కుట వేఱు, తెరపై వత్తు తన యక్షరము క్రింద కుదురుగ గూర్చుండుట వేఱు. ఆ కుదురు ఇంటి కంప్యూటరునకు పలువురి శ్రమతో క్రమముగ వచ్చినది. చేతి యాటయంత్రమునకు రావలెనన్న అదియు కంప్యూటరు కావలసియుండెను.

2010లో పాండోరా యనునొక యంత్రము, ఔత్సాహికులే తలపెట్టి చేయించినది, నిజమైన కీబోర్డుతో, కంప్యూటర్లను నడపు లినక్సుతో వచ్చెను, కొలదిమందికే దక్కెను. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ సంస్థ విడుదల చేసిన స్టీమ్ డెక్ బరువు 669 గ్రాములు, తెర 7 అంగుళములు. ఆట చాలించి డెస్క్‌టాపు తెఱచినంతనే అది లినక్సు కంప్యూటరు. మీటల యమరికల జాబితాలో తెలుగు కలదు. లిబ్రె ఆఫీసు అను వ్రాతకార్యక్రమమును దింపుకొన్నచో వ్యాసము వ్రాయుటకు వేఱు కొఱత లేదు. ఇరుప్రక్కల నున్న ఆటమీటలు మాత్రము వ్రాతకు బొత్తిగా అడ్డము. ఒడిలో నిలువక జాఱును, ఎండలో తెర మాయును. అయినను చింతామణియో పిచ్చిబొమ్మయో తెలియని యీ వస్తువుపై ‘స్త్రీ’ యని కొట్టినంతనే రెండు వత్తులును చక్కగా దిగి నిలిచినపుడు, నాకు తాటాకు జ్ఞప్తికి వచ్చినది.

ఇదంతయు ఆ యువకునకు చెప్పుటకు బండి సమయమీయలేదు. తెరను అతనివైపు త్రిప్పి, కీబోర్డు చేతికిచ్చి, "నీ పేరు వ్రాయుము" అంటిని. అతడు కొంతసేపు చూచి తిరిగి యిచ్చివేసెను. "మాట్లాడుడు వస్తది సార్, రాసుడు రాదు. ఇస్కూల్ల హిందీ సదివిన. అమ్మకు వాయిస్ పెడ్త" అని, కిమ్ రాగానే దిగిపోయెను.

సూరతు నగరపాలక సంస్థ నడుపు పాఠశాలలలో తెలుగు మాధ్యమపు పాఠశాలలును గలవు. ఆ ప్రాంతమున చిన్నపిల్లలున్న తెలుగువారెవరైన నిది చదువుచున్నచో, బడులు తెఱచులోపల నొకసారి విచారించుకొనుడు.