కొడకండ్ల నుంచి ద్వీపాలకు ఓడ ప్రయాణం: ఏ రేవులో ఎక్కితే మంచిది?

కొడకండ్ల, పాలకుర్తి, తొర్రూరు వైపు కుటుంబాలకు సముద్రం దగ్గర కాదు. ఓడలో ద్వీపాలకు పోవాలంటే ముందు రైలెక్కి రేవు దాకా చేరాలి. అందుకే చాలామంది మొదట అడిగేది 'మనకు దగ్గర ఏ రేవు?' అని. కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ఏ ద్వీపానికి పోతున్నాం, ఓడ ఏ తేదీన ఉంది, తిరిగి వచ్చే ఓడ ఎప్పుడుంది? ఈ మూడూ తేలాకే రేవు సంగతి. దగ్గర కదా అని రేవును ముందే ఖాయం చేసుకుంటే, సెలవులు అయిపోయినా తిరుగు ఓడ దొరకక పిల్లలతో, పెద్దవాళ్లతో లాడ్జి ఖర్చులు భరిస్తూ ఆగాల్సి రావచ్చు.

అండమాన్‌కు మూడు రేవులు

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయ పురం అని పేరు మార్చింది. అక్కడికి చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. సముద్ర దూరం చెన్నై నుంచి సుమారు 1190 కిలోమీటర్లు, విశాఖ నుంచి 1200, కోల్‌కతా నుంచి 1255. అంటే దూరంలో పెద్ద తేడా లేదు. ఎక్కడ ఎక్కినా 50 నుంచి 60 గంటలు, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువ, నీళ్ల మీదే గడపాలి.

అసలు తేడా ఓడల సంఖ్యలో ఉంది. చెన్నై, కోల్‌కతాల నుంచి మామూలుగా నెలకు మూడు నాలుగు ఓడలు ఉంటాయి. విశాఖ నుంచి నెలకు ఒకటే. ఓడ అక్కడి రేవులో రెండు నుంచి నాలుగు రోజులు ఆగి తిరిగి బయల్దేరుతుంది.

విశాఖపట్నం: వరంగల్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. భాష మనదే, టికెట్ కౌంటర్‌లో తెలుగులో మాట్లాడుకోవచ్చు. అయితే ఆ నెల ఓడ తప్పితే మళ్లీ నెల ఆగాలి. 2023లో ప్రారంభమైన విశాఖ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను చూసి కొందరు అక్కడి నుంచి ద్వీపాలకు రోజూ ఓడలుంటాయని అనుకుంటారు. అది విహార నౌకల కోసం కట్టినది. ఆ నౌకలు కంపెనీలు ప్రకటించిన తేదీల్లోనే వస్తాయి.

చెన్నై: వరంగల్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో ఇదీ ఒక రాత్రి ప్రయాణమే. ఓడలు ఎక్కువ కాబట్టి ఒకటి రద్దయినా, ఆలస్యమైనా ఇంకోటి దొరికే అవకాశం ఉంది. సెలవులు లెక్కగా ఉన్న కుటుంబానికి చాలాసార్లు ఇదే నయం.

కోల్‌కతా: మన వైపు నుంచి హౌరా పోయే రైళ్లు విజయవాడ, విశాఖ మీదుగానే పోతాయి. అంటే ఒక రేవును దాటి ఇంకో రేవుకు పోవడం. బెంగాల్‌లో బంధువులో, పనో ఉంటే తప్ప దీనివల్ల లాభం లేదు.

ఓడలో బంక్ క్లాసు అన్నిటికన్నా చవక. పెద్ద హాల్లో వరుసగా పడకలుంటాయి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నప్పుడు సెకండ్ క్లాస్ లేదా ఫస్ట్ క్లాస్ క్యాబిన్ తీసుకుంటే కుటుంబమంతా ఒకచోట ఉండొచ్చు. 60 గంటలు కష్టమనుకుంటే పోయేటప్పుడు ఓడలో పోయి, వచ్చేటప్పుడు విమానంలో హైదరాబాద్ రావచ్చు. అప్పుడు తిరుగు ఓడ బెంగ ఉండదు.

అండమాన్‌తో తెలంగాణ ముస్లింలకు పాత బంధం ఉంది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. 1861లో అల్లామా ఫజ్లె హక్ ఖైరాబాదీ కన్నుమూసిందీ అక్కడే. ఇప్పుడు అందరూ చూసే సెల్యులర్ జైలు కట్టడం 1906లో పూర్తయింది. అంటే వీళ్లు ఆ గోడలు లేవకముందు నాటి ఖైదీలు.

లక్షద్వీప్‌కు కొచ్చి

లక్షద్వీప్‌కు ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు కొచ్చి నుంచి బయల్దేరతాయి. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎర్నాకుళం టౌన్‌లో దిగాలి. రైల్లోనే దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. సముద్ర ప్రయాణం మాత్రం తక్కువ. ద్వీపాన్ని బట్టి 14 నుంచి 20 గంటలు.

2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనాభాలో 96 శాతానికి పైగా ముస్లింలే. మసీదు కోసం, హలాల్ భోజనం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. కానీ రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. ఒకటి, భారతీయులకైనా ప్రవేశ పర్మిట్ తప్పనిసరి. పర్మిట్ లేకుండా కొచ్చి చేరితే వెనక్కి రావాల్సిందే. ప్రభుత్వ పర్యాటక సంస్థ 'స్పోర్ట్స్' ప్యాకేజీలో పోతే ఆ పని చాలావరకు వాళ్లే చూస్తారు. రెండు, చాలా ద్వీపాల దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. నడి నీళ్లలో ఆపి, పక్క తలుపు నుంచి చిన్న పడవలోకి దింపుతారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మీకో, నానీకో ఇది పెద్ద ఇబ్బంది. వాళ్లు వస్తుంటే ఓడ నేరుగా రేవుకు ఆనుకునే అండమాన్ ప్రయాణమే సులువు.

విహార నౌకలు

ముంబై, కొచ్చి నుంచి లక్షద్వీప్ వైపు, చెన్నై నుంచి శ్రీలంక వైపు ప్రైవేటు విహార నౌకలు కొన్ని సీజన్లలో నడుస్తాయి. శ్రీలంకకైతే ఇంట్లో ప్రతి ఒక్కరికీ, చంటిబిడ్డతో సహా, పాస్‌పోర్టు ఉండాలి. మాంసం హలాలేనా అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఎప్పుడు పోవాలి?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం కలత మీద ఉంటుంది. లక్షద్వీప్ ప్యాకేజీలు మే మధ్యకే ఆగిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్లు వస్తాయి. కాబట్టి దసరా సెలవుల్లో అండమాన్ ఓడ పెట్టుకుంటే తేదీలు మారే భయం ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నయం. ఆ నెలల్లో రంజాన్ వస్తే అదీ చూసుకోవాలి.

ఓడలో నమాజ్

ప్రయాణంలో జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతులు రెండవుతాయి. హనఫీ పద్ధతిలో ఒకచోట పదిహేను రోజులకన్నా తక్కువ ఉంటే ఈ ఖసర్ కొనసాగుతుంది. ఓడ దిశ మారుతూ ఉంటుంది కాబట్టి చిన్న దిక్సూచి వెంట ఉండాలి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌ను నమ్ముకోలేం, నమాజ్ వేళలు కాగితం మీద రాసుకోవడం మంచిది.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

ఓడల షెడ్యూల్ చూశాకే రైలు టికెట్ తీయాలి. ఓడ తేదీకి ఒక రోజు ముందే రేవు ఊరికి చేరాలి. ఆధార్ అసలు కార్డులు అందరివీ పెట్టుకోవాలి. వాంతుల మాత్రలు డాక్టరును అడిగి తీసుకోవాలి. సకినాలు, అటుకులు, నిమ్మకాయ పచ్చడి డబ్బాలో ఉంటే ఓడ భోజనం పడని పిల్లలకు ఆసరా అవుతాయి. తిరుగు ప్రయాణం టికెట్ చేతిలో లేకుండా మాత్రం ఓడ ఎక్కొద్దు.