ఎసరు పెట్టడం తెలుసా? రాజపాళయం వంటింట్లో మిగిలిన తెలుగు

పోయిన నెల బెంగళూరు నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఆఫీసు స్నేహితులు ఎనిమిది మందిని భోజనానికి పిలిచిందట. “అత్తా, అవ్వ చేసినట్టు పెద్ద వంట చెయ్యాల, అందరూ ఆహా అనాల. ఎట్ల మొదలుపెట్టేది?” అని అడిగింది. “ముందు ఎసరు పెట్టు” అన్నాను. కాసేపు చప్పుడు లేదు. “ఎసరంటే ఏందత్తా?”

“ఉలై” అని అరవంలో చెప్పినాక అర్థమైంది. వంట సంగతి పక్కన పెట్టి నేను ఆ మాట గురించే ఆలోచిస్తా కూర్చున్నాను.

మన ఊరి కథ మీకు కొత్త కాదు. విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి దిగిన కుటుంబాలమని మన పెద్దలు చెప్పుకుంటారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా మిల్లు పెట్టినాక ఊరు నూలు ఊరైంది. అయినా బడి, బజారు, కచేరీ అన్నీ అరవంలోనే. మాలో చాలామందికి తెలుగు నోటికి వచ్చుగానీ చేతికి రాదు. మాకు అక్షరాలు నేర్పిన బడి లేదు, మాటలు నేర్పిన బడి మాత్రం ఒకటుంది. అది వంటిల్లు.

ఆ బడిలో మొదటి పాఠం కూరగాయల పేర్లు. మా ఇంట్లో వంకాయ వంకాయే, ఎవరూ కత్తిరికాయ్ అనరు. చింతపండు, కాకరకాయ, జీలకర్ర కూడా అంతే. టమాటాను మాత్రం తక్కాళి అంటాం. బంగాళాదుంప మాకు ఉరులకిళంగు. ఎందుకిట్ల? వంకాయ, చింతపండు మన పెద్దల మూటలో ఉన్న మాటలు. టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండం నుంచి యూరప్ వాళ్ల ఓడల్లో వచ్చినవి, అవి మన వంటింటికి చేరేటప్పటికి మనం ఈ ఊరివాళ్లం. సంతలో అమ్మినవాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరే ఇంటికి తెచ్చుకున్నాం.

దీన్నే రుజువు అనుకోవద్దు. వలస పోని చిత్తూరు వాళ్లు కూడా తక్కాళి అంటారు, పొరుగు భాష గాలి సోకితే చాలు. మిరపకాయ ఇంకా గడుసుది. అదీ ఆ ఓడల్లో వచ్చిందే. మిరియం లాగా మండుతుందని తెలుగువాళ్లు మిరపకాయ అన్నారు, మిళగు లాగా మండుతుందని అరవవాళ్లు మిళగాయ్ అన్నారు. అది ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు.

నూనె కథ కూడా ఇట్లాంటిదే. నువ్వుల నెయ్యి కాబట్టి నూనె. అరవంలో ఎళ్ అంటే నువ్వులు, అందుకే ఎణ్ణెయ్. మనం మంచినూనె అన్నదాన్నే వాళ్లు నల్లెణ్ణెయ్ అన్నారు. రెండింటికీ అర్థం ఒకటే. ఇట్లాంటి జంట మాటల మధ్య పెరిగిన పిల్లకు ఏది మన మాట, ఏది పక్కింటి మాట అని ఎట్ల తెలుస్తుంది?

పేర్లు పోతే పెద్ద నష్టం లేదు, తక్కాళి అన్నా పులుసు పులుసే. పని చెప్పే మాటలు పోతేనే వంట పోతుంది. మా అవ్వ దగ్గర రాతి మీద చేసే పనికి నాలుగు మాటలుండేవి. రోట్లో వేసి రోకలితో చేస్తే దంచడం. రుబ్బురోట్లో తడిగా తిప్పితే రుబ్బడం. సన్నికల్లు మీద పొత్రంతో చేస్తే నూరడం. తిరగలిలో పొడిగా తిప్పితే విసరడం. దోసెల పిండి రుబ్బాల, అప్పుడే నురగెత్తి పులుస్తుంది. పచ్చడి దంచాల, పలుకు పంటికి తగలాల. చారుకు మిరియాలు, జీలకర్ర నూరాల, అప్పుడే వాసన దిగుతుంది. ఇప్పుడు మిక్సీలో వేసి అన్నిటికీ “అరైచ్చు” అంటున్నాం, లేకపోతే “గ్రైండ్ చేసి” అంటున్నాం. నాలుగు మాటలు ఒకటైనాయి, నాలుగు రుచులూ ఒకటైనాయి.

కాబట్టి మా కోడలికి కూరల పట్టిక ఇవ్వలేదు, మూడు పనులు చెప్పాను.

ఒకటి, ఎసరు. బియ్యం కడిగి అరగంట నానబెట్టు. పెద్ద గిన్నెలో బియ్యానికి అయిదింతలు నీళ్లు పెట్టు. ఎసరు మసిలేదాకా బియ్యం వెయ్యొద్దు. మెతుకు వేళ్ల మధ్య నలిపితే నడుమ పలుకు లేకుండా ఉండాల, అప్పుడు గంజి వార్చు.

రెండు, పులుసు. చింతపండు వేడినీళ్లలో నానబెట్టి పిండు. పచ్చివాసన పోయేదాకా ఉడికించు, ఆ తరువాతే పప్పు కలుపు. తొందరపడితే ఎంత బెల్లం వేసినా పచ్చివాసన పోదు.

మూడు, తాలింపు. నూనె కాగినాక ఆవాలు. అవి చిటపటమన్నాక మినపప్పు, అది ఎర్రబడుతుంటే ఎండుమిరపకాయ, ఇంగువ. కరివేపాకు ఆఖరున. ఆవాలు పేలకముందే మిగతావి వేస్తే ఆవాలు చేదు, మిరపకాయ మసి.

ఈ మూడు చేతికొస్తే విందు సగం అయినట్టే.

మనమే పోగొట్టుకుంటున్నామని బాధపడొద్దు. ఆంధ్రలో, తెలంగాణలో కూడా కుక్కర్లు వచ్చినాక ఎసరు పొయ్యి దిగి పేపరెక్కింది. ఫలానా నాయకుడి పదవికి ఎసరు అని రాస్తారు. పిల్లలకు ఆ అర్థమే ముందు తెలుస్తుంది. మరికొన్ని మాటలకు అక్కడ మర్యాద పోయింది. ఒకసారి హైదరాబాదులో తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లవాణ్ణి ముద్దుగా “కూడు తింటివా?” అని అడిగాను. వాళ్లమ్మ ముఖం మాడిపోయింది. అక్కడ కూడు అంటే ఈసడింపు మాట. మా ఇంట్లో అది అన్నమే, అవ్వ నోట మొదట విన్న మాట. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ కూడు అంటే అన్నమే. కూడు, గూడు, గుడ్డ అనేటప్పుడు మాత్రం అందరూ దాన్ని గౌరవంగానే పలుకుతారు. ఆ రోజు ఈ సంగతి వాళ్లకు చెప్పలేకపోయాను, సిగ్గుపడి ఊరుకున్నాను. ఆ సిగ్గే తప్పని ఇప్పుడనిపిస్తా ఉంది. మన మాట మోటదని మనమే దాచుకుంటే పిల్లల దాకా ఏది చేరుతుంది?

విందు అయినాక కోడలు మళ్లీ ఫోన్ చేసింది. అన్నం కొంచెం మెత్తబడిందట, పులుసు మాత్రం గిన్నె ఖాళీ అయిందట. “ఎసరు ఇంకా బాగా మసలాల్సింది అత్తా” అంది.

అన్నం సంగతి ఇంకోసారి చూసుకోవచ్చు. ఆ మాట దాని నోట్లో పడింది, నాకు అది చాలు. మీ ఇంట్లో అవ్వ ఉంటే ఈ ఆదివారం పొయ్యి దగ్గర కూర్చోండి. ఆమె చేసే ప్రతి పనికీ ఏ మాట వాడుతుందో రాసి పెట్టుకోండి. తెలుగు లిపి రాకపోతే అరవంలోనైనా రాయండి.