ఓడ, రైలు, బస్సు, విమానం - అమెరికావాడి యూరప్ యాత్ర

అమెరికాలో ఏ ఆఫీసులోనైనా లంచ్ దగ్గర యూరప్ కబుర్లు మొదలయితే చాలు, "రైలు పాసా, టూరు బస్సా, చవక విమానాలా?" అనే వాదన తప్పదు. అందరూ ఖర్చు లెక్కలే చెప్తారు. నాకు మాత్రం అసలు ప్రశ్న వేరే అనిపిస్తుంది: ఎక్కడ దిగాలో నిర్ణయించేది ఎవరు?

కాస్త వెనక్కి వెళ్దాం. 1867 జూన్‌లో న్యూయార్క్ నుంచి క్వేకర్ సిటీ అనే ఆవిరి ఓడ బయల్దేరింది. యూరప్, ఆ పైన జెరూసలేం, దాదాపు అయిదు నెలల యాత్ర. మనిషికి 1,250 డాలర్లు! అందులో మార్క్ ట్వేన్ కూడా ఉన్నాడు, కాకపోతే ఆయన టికెట్ డబ్బులు ఓ పత్రిక కట్టింది. ఓడ మార్సెయ్‌లో ఆగినప్పుడు రైలెక్కి పారిస్ చూసొచ్చాడు. ఆ యాత్ర మీదే 1869లో 'ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్' వచ్చింది. డబ్బూ, నెలల తరబడి తీరికా ఉన్నవాళ్ళకే యూరప్ అన్నమాట.

తొంభయ్యేళ్ళ తర్వాత ఈ లెక్క మారింది. జర్మనీలో సైనికుడిగా పనిచేసిన ఆర్థర్ ఫ్రామర్, తిండికీ బసకీ కలిపి రోజుకి 5 డాలర్లు చాలని 1957లో పుస్తకం రాశాడు. 1958 అక్టోబర్‌లో పాన్ యామ్ న్యూయార్క్-పారిస్ మధ్య జెట్ విమానం వేసింది. రోజులు పట్టే సముద్రం గంటల్లోకి వచ్చేసింది. 1959లో యూరైల్ పాస్ వచ్చింది. 13 దేశాలు, ఫస్ట్ క్లాసు, అదీ యూరప్ బయటివాళ్ళకే. 1971లో విద్యార్థులకి సెకండ్ క్లాసు పాసు కూడా ఇచ్చారు. ఇక చూడండి, వీపున సంచీ తగిలించుకుని నచ్చిన స్టేషన్లో దిగిపోవడమే!

మరి బస్సు టూర్లు ఎందుకు పోలేదు? 18 రోజుల్లో 9 దేశాలు చుట్టే టూరు మీద 1969లో ఏకంగా సినిమా తీసి నవ్వుకున్నారు. కానీ అది తెలివితక్కువతనం కాదు. జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న ఫెడరల్ చట్టం అమెరికాలో ఇప్పటికీ లేదు. యూరప్ యూనియన్లో కనీసం నాలుగు వారాలు ఇవ్వాల్సిందే. చేతిలో ఉన్నది పది రోజులైతే బస్సువాడి టైంటేబులే దిక్కు.

1997లో యూరప్ ఆకాశం విమాన కంపెనీలకి పూర్తిగా తెరుచుకున్నాక రయన్ఎయిర్, ఈజీజెట్ విజృంభించాయి. టికెట్ చవకే, కానీ "పారిస్" అని దించేది సుమారు 80 కిలోమీటర్ల అవతల బోవేలో. పైగా రెండు ఊళ్ళ మధ్య దేశం మొత్తం మేఘాల కింద ఉండిపోతుంది.

నా ఓటు రైలుకే. అయితే ఆ పాత స్వేచ్ఛ ఇప్పుడు కొంత తగ్గింది. పాసు ఉన్నా ఫ్రాన్స్ టీజీవీలకి విడిగా డబ్బు కట్టి సీటు రిజర్వ్ చేసుకోవాలి. మామూలు ప్రాంతీయ రైళ్ళలో చాలావాటికి ఆ బాధ లేదు.

ఇక మన సంగతి. గ్రీన్ కార్డున్నా సరే, భారతీయ పాస్‌పోర్టుతో వెళ్ళాలంటే షెంజెన్ వీసా కావాలి. పక్క సీటు అమెరికన్ అదేం లేకుండా 90 రోజుల దాకా తిరగొచ్చు. మనం మాత్రం ఏ రాత్రి ఏ ఊళ్ళో ఉంటామో కాగితం మీద ముందే చూపించాలి. ఏది ఎక్కినా మనది కొంత క్వేకర్ సిటీ ప్రయాణమే! అందుకే నా సలహా ఒక్కటే. అప్లికేషన్లో ఊళ్ళు తగ్గించండి, ఒక్కో ఊళ్ళో రాత్రులు పెంచండి. పగలు ఏ పల్లెటూరి స్టేషన్లో దిగారో ఏ కాన్సులేటూ అడగదు.