నీలం రంగు ఎందుకు ఆలస్యమైంది?

హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి 1925లో ఫాస్ఫేట్‌ను కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. ఆమ్లం కలిపిన ద్రావణంలో మాలిబ్డేటు, ఆపై మరో రసాయనం వేస్తే నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ.

కండరం నుంచి తీసిన రసంతో మాత్రం రంగు ఉన్నపళంగా రాలేదు. ఉండేకొద్దీ ముదురుతూ పోయింది. ఏదో పొరపాటని పక్కన పెట్టేయవచ్చు, వాళ్లు పెట్టలేదు. ఆమ్లంలో మెల్లగా విరుగుతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థమేదో అందులో ఉందన్నమాట. 1927లో దాన్ని పట్టుకున్నారు: ఫాస్ఫోక్రియాటిన్. పనిచేయిస్తే కండరంలో అది తరిగిపోయేది, విశ్రాంతినిస్తే మళ్లీ పెరిగేది. 1929లో, కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ దొరికింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నారు.

1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఏటీపీలోవి 'అధిక శక్తి బంధాలు' అన్నారు. ఆ మాట ఎంత మేలు చేసిందో అంత అపోహనూ పెంచింది. శక్తంతా బంధంలోనే దాగి ఉన్నట్టు ఇప్పటికీ పిల్లలకు చెబుతున్నాం. నిజానికి ఒక చర్య నుంచి పనికి దక్కే శక్తి, అంటే స్వేచ్ఛాశక్తి, అక్కడ ఏ పదార్థం ఎంత గాఢతలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. ఉత్పన్నాలకూ మూలపదార్థాలకూ మధ్య నిష్పత్తి పదింతలు తగ్గితే, మోలుకు దాదాపు 6 కిలోజౌళ్లు అదనంగా దక్కుతాయి. ఏటీపీ విరిగితే 30.5 కిలోజౌళ్లు అని పుస్తకాల్లో ఉండేది, ఏటీపీ, అది విరిగితే వచ్చే ఏడీపీ, ఫాస్ఫేట్ లీటరుకు ఒక్కో మోలు చొప్పున ఉన్నాయనుకుని వేసిన ప్రామాణిక లెక్క. అలాంటి కణం ఎక్కడా లేదు.

1953లో బర్టన్, క్రెబ్స్ కణం చక్కెరను విరిచే గ్లైకాలిసిస్‌లోనూ, దాని తర్వాతి సిట్రిక్ ఆమ్ల చక్రంలోనూ ఒక్కొక్క మెట్టుకూ స్వేచ్ఛాశక్తిని లెక్కగట్టారు. ఇక కావలసింది కణంలోని అసలు గాఢతలు. అక్కడే చిక్కు: కణజాలాన్ని కోసిన కొద్ది సెకన్లలోనే ఆ అంకెలు తారుమారవుతాయి. 1960లో బెర్లిన్‌లో వోలెన్‌బెర్గర్ బృందం దీనికి ఒక పటకారు చేసింది. దాని రెండు కొసలకూ అల్యూమినియం దిమ్మెలు. వాటిని ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసి కణజాలాన్ని నొక్కితే, అది పలచని బిళ్లగా అణిగి క్షణంలో గడ్డకట్టేది. చర్యలన్నీ ఉన్నచోటే ఆగిపోయేవి. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరికరం ఇదే.

ఇంతా చేసి కొలిచినా, ఏడీపీ అంకె మోసం చేసింది. కండరంలో దానిలో చాలా భాగం ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. 1979లో వీచ్ బృందం, ఫాస్ఫోక్రియాటిన్‌కూ ఏటీపీకీ మధ్య సమతాస్థితిని ఆధారం చేసుకుని విడిగా తిరిగే ఏడీపీని లెక్కగట్టింది. అది కొలతలో వచ్చినదానికన్నా ఎంతో తక్కువ. ఆ లెక్కన ఏటీపీ నుంచి కణానికి దక్కేది 30 కాదు, 50 నుంచి 60 కిలోజౌళ్లు.

గ్లైకాలిసిస్‌లో ఆల్డొలేజ్ అనే ఎంజైమ్ నడిపే మెట్టు చిక్కు కూడా ఇలాగే విడింది. ఆరు కార్బన్ల చక్కెర ఫాస్ఫేట్ రెండు ముక్కలయ్యే ఈ మెట్టుకు ప్రామాణిక విలువ మోలుకు +23.8 కిలోజౌళ్లు, అంటే శక్తి దక్కదు, ఎదురు పెట్టాలి. ఆ అంకె చూస్తే చర్య ముందుకు కదలకూడదు. కానీ ఒకటి రెండుగా విడిపోయే చర్యకు పలచదనమే బలం. ఎర్ర రక్తకణంలో ఆ పదార్థాలు మైక్రోమోలార్ మోతాదుల్లోనే ఉంటాయి, అందుకే అక్కడ అసలు విలువ సున్నాకు కాస్త దిగువన నిలిచి చర్య ముందుకే సాగుతుంది.