ఉపవాసము నుండి వెన్నుపాము వరకు

వెన్నుపాము దెబ్బతిన్న మనుష్యుని చూచి వైద్యుడు నిస్సహాయుడగుట నేటి మాట కాదు. క్రీస్తు పూర్వము 1600 ప్రాంతమున ఈజిప్టులో వ్రాయబడి, నేడు ఎడ్విన్ స్మిత్ పత్రమని పిలువబడు వైద్య గ్రంథము, మెడపూస స్థానము తప్పి కాలుసేతుల స్పర్శ నశించిన రోగిని వర్ణించి, అది చికిత్స చేయదగని వ్యాధియని తీర్పు చెప్పినది. ఆ తీర్పు మూడువేల ఏండ్లకు పైగా చెల్లినది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ప్రత్యేక విభాగమును నెలకొల్పి, పడకపుండ్లు, మూత్రకోశ వ్యాధులు సోకకుండ కాపాడి రోగులను బ్రతికించెను. కాని చెడిన నరములను బాగుచేయు మందు మాత్రము దొరకలేదు.

ఆ మందును వెదకువారిలో కొందరి దృష్టి ఆహారముపై ప్రసరించినది. దాని చరిత్ర వేరొక వ్యాధితో మొదలైనది. మూర్ఛరోగికి ఉపవాసము మేలు చేయునను మాట ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథములలోనే కలదు. లంఘనము పరమౌషధమని మన పెద్దలును అనిరి. 1911లో ఫ్రాన్సులో గెల్పా, మారీ అను వైద్యులు మూర్ఛరోగులపై ఉపవాస చికిత్సా ఫలితములను ప్రకటించిరి. అయితే రోగి ఎన్నాళ్లు పస్తుండగలడు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ ఈ చిక్కును విప్పెను. పస్తున్నపుడు దేహము తన కొవ్వును కరగించుకొనును. కాలేయము ఆ కొవ్వు నుండి కీటోనులను తయారుచేయును. పిండిపదార్థములను, చక్కెరను దాదాపు మాన్పించి, వెన్న, మీగడ వంటివి అధికముగా పెట్టినచో, తినుచున్నను దేహము పస్తున్నట్లే నడచునని ఆయన భావించెను. ఆ పథ్యమునకు కీటోజెనిక్ ఆహారమని పేరిడెను. 1938లో ఫెనిటోయిన్ అను మందు వెలువడిన పిమ్మట ఈ పథ్యము మూలబడెను; మందులకు లొంగని బాలల మూర్ఛకై 1990 తరువాత మరల వాడుకలోకి వచ్చెను.

ఈ నడుమ 1967లో బోస్టనులో జార్జి కాహిల్, ఆయన సహచరులు ఒక ముఖ్య విషయమును నిరూపించిరి. దీర్ఘోపవాసమున మెదడు తనకు కావలసిన శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు కీటోనుల నుండియే పొందును. మెదడునకు పనికివచ్చునది వెన్నుపామునకు ఏల పనికిరాదు? వెన్నుపామునకు దెబ్బ తగిలిన తరువాత కొన్ని దినముల పాటు వాపు, రక్తప్రసార లోపము వలన దెబ్బ తగులని కణములు సైతము నశించును. ఆ సమయమున కణములు గ్లూకోజును సరిగా వినియోగించుకొనలేవు. కీటోనులు వానికి వేరొక ఇంధనము కాగలవు.

2013లో కెనడాలోని వాంకూవరు పరిశోధకులు దీనిని ఎలుకలపై పరీక్షించిరి. మెడవద్ద వెన్నుపాము నలిగిన ఎలుకలకు, గాయమైన నాలుగు గంటల నుండి పన్నెండు వారములు ఈ ఆహారము పెట్టగా, చచ్చుబడిన ముందుకాలును అవి మామూలు మేత తిన్నవానికంటె బాగుగా వాడుకొనెను. కీటోనులు కణములలో ప్రవేశించు ద్వారమును మందుతో మూసినపుడు ఆ మేలు కనబడలేదు. అటుపిమ్మట అలబామా విశ్వవిద్యాలయమున క్రొత్తగా గాయపడిన కొలదిమంది మనుష్యులపై చిన్న పరీక్ష జరిగెను. చేతుల బలమున కొంత మెరుగు కనబడినట్లు 2018లో వెల్లడించిరి.

కొలదిమందిలో కనబడినది అందరికి సిద్ధౌషధము కాజాలదు. ఈ పథ్యము మలబద్ధమును, మూత్రపిండములలో రాళ్లను కలిగింపవచ్చును. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఈ బాధలు ముందే అధికము. ఇన్సులిను వాడు మధుమేహ రోగికి కీటోనులు మితిమీరిన ప్రాణాపాయము. కావున మంచముపట్టిన ఆప్తునకు ఇంటిలో తామే ఈ పథ్యము పెట్టబూనుట తగదు; వైద్యుని పర్యవేక్షణ అవసరము. ఈజిప్టు వైద్యుడు మూసిన తలుపు నేడు కొంచెము తెరచుకొనినది. అది పూర్తిగా తెరచుకొనుటకు మరింత పెద్ద పరీక్షలు, మరింత ఓర్పు కావలెను.