అతివేగ రైలు: హైదరాబాదు–విజయవాడ ప్రాంతము

ప్రత్యేకముగా నిర్మించిన మార్గమున గంటకు 250 కిలోమీటర్లకు తక్కువగాని వేగముతో నడచు బండిని నేడు అతివేగ రైలందురు. 1964 అక్టోబరు 1న టోక్యో–ఒసాకాల నడుమ ఆరంభమైన షింకన్‌సెన్ ఈ జాతికి ఆద్యము. 2008లో పూర్తియైన మాడ్రిడ్–బార్సిలోనా మార్గము సుమారు 620 కిలోమీటర్లను రెండున్నర గంటలలో దాటించి, విమానప్రయాణికులలో అధికభాగమును తనవైపు మరల్చుకొన్నది.

హైదరాబాదు–విజయవాడల నడుమ, రోడ్డున సుమారు 270 కిలోమీటర్లే యగుటచే, శంషాబాదు విమానాశ్రయము చేరుటకును, తనిఖీలకును, గన్నవరము విమానాశ్రయమున దిగి విజయవాడ చేరుటకును పట్టు కాలమును కలిపి లెక్కించినచో, ఆకాశమున మిగిలినది నేలపై వ్యయమైపోవును. కావున రైలునకు నిజమైన ప్రత్యర్థి 65వ నంబరు జాతీయ రహదారియే. సూర్యాపేట, కోదాడలు రైలు స్టేషను లేకయే ఆ రహదారిపై వర్ధిల్లినవి. మిర్యాలగూడ మీదుగా పోవు బీబీనగర్–గుంటూరు మార్గమున 2023 ఏప్రిల్ నుండి సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ నడచుచున్నది గాని, ఇతర బండ్లతో పట్టాలు పంచుకొను దానిని అతివేగ రైలనుట అతిశయోక్తి.

అతివేగ రైలు అడుగడుగున ఆగినచో వేగమే మిగులదు. నగరములందే ఆగినచో నడుమనున్న ఊళ్లకు దాని ధ్వని తప్ప దక్కునది లేదు. హైదరాబాదు–చెన్నై వంటి దూరములందు అది విమానమును జయింపగలదు. నాగార్జునసాగరు దారిలోని పెద్దవూర వంటి ఊరి నుండి హైదరాబాదు పోవువానికి మాత్రము ఆ రోడ్డు బస్సే మేలు.